సబ్సిడీ వదులుకుని వర్కింగ్ క్యాపిటల్ తెచ్చుకున్న ఆటోనగర్ లేత్ షాపు: ఒక కేస్ స్టడీ

చిన్న యూనిట్లకి ప్రాజెక్టు రిపోర్టులు రాయడం, లోన్ కాగితాలు సిద్ధం చేయించడం నా వృత్తి. విశాఖలో నా దగ్గరకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న "సార్, సబ్సిడీ ఎంత వస్తుంది?" అని. డబ్బు ఎంత కావాలి, ఎక్కడ ఆగిపోతోంది అన్న మాటలు ఆ తరువాతే వస్తాయి. వరస తిరగేసి అడిగినప్పుడు ఏమవుతుందో ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే అంకెలతో సహా వివరంగా రాస్తున్నాను. యజమాని పేరు మార్చాను, అంకెల్ని దగ్గరి రౌండ్ సంఖ్యలకి సవరించాను.

యూనిట్ సంగతి

అప్పలరాజు కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేశాడు. పధ్నాలుగేళ్లు గాజువాక ఆటోనగర్‌లో ఇతరుల వర్క్‌షాపుల్లో పనిచేసి, 2021 చివర్లో సగం షెడ్డు అద్దెకి తీసుకుని సొంతంగా మొదలుపెట్టాడు. ఉన్నది ఒక్క సెకండ్ హ్యాండ్ లేత్, ఒక వెల్డింగ్ సెట్, ఒక చిన్న డ్రిల్లింగ్ మెషిన్. షాఫ్టులు, బుష్‌లు, పిన్నులు, ఫ్లాంజీలు చేస్తాడు. స్టీల్‌ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డుల్లో మెయింటెనెన్స్ పనులు పట్టే కాంట్రాక్టర్లు ఇతని ప్రధాన కస్టమర్లు. అనకాపల్లి వైపు నుంచి స్టోన్ క్రషర్ల వాళ్లు కూడా అరిగిపోయిన షాఫ్టులు పట్టుకుని వస్తారు.

2023 చివర్లో నన్ను కలిసేసరికి నెలకి సగటున 1.6 లక్షల బిల్లింగ్ ఉంది. ఖర్చులు అడిగితే నోటితో చెప్పేశాడు, తరువాత పుస్తకంతో సరిచూసుకుంటే పెద్ద తేడా లేదు. మెటీరియల్ 35 వేలు, ఇద్దరి కూలి 32 వేలు, అద్దె 14 వేలు, కరెంటు 7 వేలు, టూల్స్, రవాణా కలిపి 9 వేలు. కీవేలు (షాఫ్టు మీద కోసే గాళ్లు) కోయించడానికి, గేర్ పళ్లకి, హీట్ ట్రీట్‌మెంట్‌కి బయట షాపులకి ఇచ్చేది 28 వేలు. వీటికి తోడు ఒక ప్రైవేటు ఫైనాన్షియర్ దగ్గర తెచ్చిన లక్షన్నరకి నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకి 4,500. మొత్తం 1,29,500 పోగా ఇంటికి మిగిలేది 30 వేల చిల్లర. అది కూడా కాగితం మీద. చేతికి అందేది ఎప్పుడన్నది వేరే సంగతి, దాని దగ్గరకే వస్తాను.

అప్పటికే ఒక మధ్యవర్తి ఇతనికి పథకం సిద్ధం చేసి పెట్టాడు. పీఎంఈజీపీ (కొత్త యూనిట్లకి సబ్సిడీతో అప్పు ఇప్పించే కేంద్ర పథకం) కింద 24 లక్షల ప్రాజెక్టు. అందులో 22 లక్షలు కంప్యూటర్‌తో నడిచే ఒక సీఎన్‌సీ మెషిన్, దాని సరంజామా. 2 లక్షలు వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ పని నడపడానికి తిరిగే డబ్బు. దరఖాస్తు భార్య పేరు మీద, యూనిట్ చిరునామా సబ్బవరం మండలంలోని ఒక ఊళ్లో. సబ్సిడీ 35 శాతం, అంటే 8.4 లక్షలు. అందులో పది శాతం మధ్యవర్తికి, సగం ముందే. ఆ రిపోర్టుకి నా సంతకం కావాలని వచ్చాడు.

35 శాతం ఎలా వచ్చింది

పీఎంఈజీపీ 2008లో మొదలైంది. ఖాదీ కమిషన్ నోడల్ సంస్థ, జిల్లాలో జిల్లా పరిశ్రమల కేంద్రం, ఖాదీ బోర్డు కూడా దరఖాస్తులు తీసుకుంటాయి. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా, సర్వీస్ యూనిట్‌కి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. జనరల్ కేటగిరీకి పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళ, మాజీ సైనికుడు, దివ్యాంగుడు అయితే పట్టణంలో 25, గ్రామంలో 35. సొంత వాటా జనరల్‌కి 10 శాతం, మిగతా వర్గాలకి 5 శాతం.

అప్పలరాజు బీసీ. కాబట్టి భార్య పేరు పెట్టినందువల్ల సబ్సిడీ ఒక్క శాతం కూడా పెరగదు. పేరు మార్చడం వెనక ఉన్న ఉద్దేశం ఒక్కటే. ఇతని పేరు మీద 2021 నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంది, జీఎస్టీ ఉంది, కరెంట్ అకౌంట్ ఉంది. పీఎంఈజీపీ తొలి విడత అప్పు కొత్త యూనిట్లకి మాత్రమే. నడుస్తున్న యూనిట్‌కి రాదు. ఆ సంగతి కనబడకుండా చేయడానికే భార్య పేరు. ఇక ఆటోనగర్ విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధి. అక్కడ చూపిస్తే పట్టణం రేటు పడుతుంది కాబట్టి పంచాయతీ పరిధిలోని ఊరి చిరునామా.

మెషిన్ మాత్రం ఆటోనగర్‌లోనే పెడతారట. "అందరూ ఇలాగే చేస్తన్నారు సార్, మనకేటి?" అన్నాడు అప్పలరాజు.

ఇక్కడ నేను నీతి బోధించలేదు. ఏం జరుగుతుందో చెప్పాను. పీఎంఈజీపీలో సబ్సిడీ మన చేతికి రాదు. బ్యాంకులో లబ్ధిదారు పేరు మీద మూడేళ్లు టర్మ్ డిపాజిట్‌గా ఉంటుంది. దానికి వడ్డీ రాదు, అంతమేర అప్పుకి వడ్డీ వేయరు. ఆ లోపు యూనిట్‌ని భౌతికంగా తనిఖీ చేస్తారు, ఫొటోలు, లొకేషన్ తీసుకుంటారు. చెప్పిన చోట యూనిట్ లేకపోతే సబ్సిడీ వెనక్కి పోతుంది, అప్పు మాత్రం మన నెత్తిన ఉంటుంది. లబ్ధిదారుగా సంతకం పెట్టిన ఆవిడ ఇంట్లో కుట్టుపని చేసుకునే మనిషి, సీఎన్‌సీ గురించి ఒక్క ప్రశ్న అడిగితే జవాబు చెప్పలేదు. రేపు నోటీసు వస్తే ఆవిడ పేరు మీదే వస్తుంది. అప్పలరాజు మెత్తబడింది ఈ ఒక్క మాటకే అనుకుంటాను.

వ్యాపారపరంగా చూసినా ఆ ప్లాన్ నిలబడదు. 24 లక్షల్లో సొంత వాటా 1.2 లక్షలు పోతే బ్యాంకు అప్పు 22.8 లక్షలు. 8.4 లక్షల సబ్సిడీ భాగం తీసేసినా 14.4 లక్షలకి వడ్డీ నడుస్తుంది. ఆరు నెలల విరామం పోగా 78 నెలలకి 11 శాతం లెక్కన నెల కిస్తీ దాదాపు 26 వేలు. ఇతని ప్రస్తుత మిగులు 30 వేలు. సీఎన్‌సీ లాభం ఇవ్వాలంటే ఒకే రకం ముక్కలు వందల్లో చేయాలి. ఆటోనగర్‌లో జాబ్ వర్కు అంటే పొద్దున ఒక షాఫ్టు, మధ్యాహ్నం రెండు బుష్‌లు, సాయంత్రం అర్జెంటుగా ఒక పిన్ను. ప్రతి ముక్కా కొత్త డ్రాయింగే, చాలాసార్లు అసలు డ్రాయింగే ఉండదు, విరిగిన ముక్కే డ్రాయింగ్. అలాంటి పనికి సీఎన్‌సీ కొని కూర్చుంటే మెషిన్ ఖాళీగా ఉంటుంది, కిస్తీ మాత్రం ఆగదు.

పీఎంఈజీపీ మీద నాకు వ్యతిరేకత ఏమీ లేదు. నిజంగా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అంత మంచి పథకం ఇంకొకటి లేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉచితం, ఏజెంటుతో పనే లేదు. తయారీ ప్రాజెక్టు 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉంటే చాలు. అది ఇతని పథకం కాదు, అంతే.

బిల్లుల కట్ట

డబ్బు ఎంత కావాలన్నది కస్టమర్ల దగ్గర ఆగిన బిల్లులు చూడకుండా చెప్పలేం. అప్పలరాజు ఒక ప్లాస్టిక్ కవర్లో బిల్లు పుస్తకాలు, డెలివరీ చలాన్లు కలిపి తెచ్చాడు. నూనె మరకల్లో కొన్నిటి మీద తేదీలు కూడా సరిగ్గా కనబడటం లేదు. టేబుల్ మీద నాలుగు కుప్పలుగా పేర్చాం. నెలలోపువి 1.4 లక్షలు. రెండో నెలవి లక్ష. మూడో నెలవి 60 వేలు. తొంభై రోజులు దాటినవి 1.1 లక్షలు. మొత్తం రావాల్సింది 4.1 లక్షలు.

నాలుగో కుప్పలో 72 వేలు ఒకే కాంట్రాక్టరువి. చలాన్ల మీద అవతలి వాళ్ల సంతకం లేదు. వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చేశాడట. "మనిషి మంచోడే సార్, ఇస్తాడు" అన్నాడు. ఆ 72 వేలని లెక్కలోంచి తీసేయమన్నాను. వస్తే సంతోషం, కానీ బ్యాంకుకి చూపించే ఆస్తి కాదు.

ఈ కుప్పలే అసలు రోగం చెప్పేశాయి. నెలకి 1.3 లక్షలు చేతి నుంచి పెడుతున్నాడు. డబ్బు తిరిగి రావడానికి సగటున రెండున్నర నెలలు పడుతోంది. అంటే ఎప్పుడు చూసినా 3.2 లక్షలకి పైగా బయట తిరుగుతూనే ఉంటుంది. ఇతనికి సొంత పెట్టుబడి అంత లేదు. కూలి ఆదివారం ఇవ్వాలి, కరెంటు బిల్లు తేదీకి కట్టాలి, బిల్లు వేసిన పాపానికి జీఎస్టీ కస్టమర్ ఇవ్వకముందే కట్టాలి. అందుకే మూడు రూపాయల వడ్డీ. అది ఏడాదికి 36 శాతం. ఇలాంటి యూనిట్‌కి 22 లక్షల మెషిన్ తెచ్చి 2 లక్షల వర్కింగ్ క్యాపిటల్ ఇవ్వడమంటే ఆ ప్రైవేటు ఫైనాన్షియర్‌కి శాశ్వత కస్టమర్‌ని తయారు చేయడమే.

మెషిన్ అవసరం లేదని కాదు. బయటికిచ్చే 28 వేలలో కీవేలు, ఫ్లాట్‌లు, స్లాట్ల పనే 22 వేలు. అది ఒక మామూలు వర్టికల్ మిల్లింగ్ మెషిన్‌తో సొంత షెడ్డులోనే అయిపోతుంది. గేర్ పళ్లు, హీట్ ట్రీట్‌మెంట్ ఎలాగూ బయటే, పక్క వీధిలోనే ఉన్నాయి. సబ్బవరం వెళ్లి కూర్చుంటే ఈ పక్క వీధులే దూరమైపోతాయి. సబ్సిడీ లెక్కల్లో ఈ ఖర్చు ఎవరూ వేయరు.

కాబట్టి మా లెక్క ఇలా తేలింది. మిల్లింగ్ మెషిన్ 5.2 లక్షలు, ఫౌండేషన్, వైరింగ్, కట్టర్లు, కొలత పరికరాలు 1.6 లక్షలు, కలిపి 6.8. అందులో సొంతం 80 వేలు, నెలనెలా కిస్తీల్లో తీర్చే టర్మ్ లోన్ 6 లక్షలు. దానికి తోడు క్యాష్ క్రెడిట్, అంటే అవసరమైనప్పుడు తీసుకుని డబ్బు రాగానే తిరిగి వేసే పరిమితి, 4 లక్షలు. మొత్తం అప్పు 10 లక్షలు.

ముద్రా ఎందుకు

10 లక్షల దగ్గర ఆగడం కావాలనే. ప్రధానమంత్రి ముద్రా యోజన 2015 ఏప్రిల్ 8న మొదలైంది. 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. 2024 అక్టోబరు నుంచి తరుణ్ ప్లస్ పేరుతో 20 లక్షల దాకా ఇస్తున్నారు, కానీ అది తరుణ్ అప్పు తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్లకే. నడుస్తున్న యూనిట్‌కి కూడా ముద్రా వస్తుంది. టర్మ్ లోన్‌గా ఇవ్వొచ్చు, క్యాష్ క్రెడిట్‌గా ఇవ్వొచ్చు, రెండూ కలిపీ ఇవ్వొచ్చు. సబ్సిడీ లేదు.

ముద్రా అప్పుల వెనక మైక్రో యూనిట్ల క్రెడిట్ గ్యారంటీ ఫండ్ ఉంటుంది. అప్పట్లో 10 లక్షలు దాటితే 2000లో కేంద్రం, చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ కలిసి పెట్టిన సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ కింద వెళ్లాల్సి వచ్చేది. దానికి ఏటా ఫీజు ఉంటుంది, అప్పట్లో 10 నుంచి 50 లక్షల అప్పుకి 0.55 శాతం. ఈ గ్యారంటీ మాట వినగానే చాలామంది "మనం కట్టకపోతే గవర్నమెంటు కట్టేస్తుందట" అనుకుంటారు. గట్టిగా చెప్పాల్సిన సంగతి ఇది: ఆ గ్యారంటీ బ్యాంకుకి, మనకి కాదు. అప్పు ఎగ్గొడితే బ్యాంకు ముందు మన మీద చర్యలు తీసుకుంటుంది, ఆ తరువాతే నష్టంలో కొంత శాతం ఫండ్ దగ్గర అడుగుతుంది. మన అప్పు అలాగే ఉంటుంది, అప్పుల చరిత్ర చూపే సిబిల్ రికార్డు పాడైపోతుంది. గ్యారంటీ వల్ల మనకి దక్కే మేలు ఒక్కటే, ఇల్లు తాకట్టు పెట్టనక్కర్లేదు.

పీఎం విశ్వకర్మ గురించి కూడా అప్పలరాజు అడిగాడు. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలో 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తరువాత 2 లక్షలు ఇస్తారు. వడ్డీ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అది చేతులతో, చేతి పనిముట్లతో చేసే 18 సంప్రదాయ వృత్తులకి. కమ్మరి ఉన్నాడు, లేత్ టర్నర్ లేడు.

బ్రాంచిలో

మొదట వెళ్లిన బ్రాంచిలో పెదగంట్యాడలోని మామగారి ఇంటి కాగితాలు పెట్టమన్నారు. సూక్ష్మ, చిన్న యూనిట్లకి 10 లక్షల దాకా హామీ అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం అప్పటికే ఉంది. వాదన పెంచుకోకుండా అతని కరెంట్ అకౌంట్ ఉన్న బ్రాంచికే వెళ్లాం. రెండేళ్ల లావాదేవీలు కళ్ల ముందు ఉన్న చోట అడగడం ఎప్పుడూ తేలిక. దరఖాస్తు ప్రభుత్వ పథకాల అప్పులకి ఉన్న జన్ సమర్థ్ పోర్టల్లో కూడా పెట్టించాను. నంబరు ఉంటే ఫైలు ఎక్కడుందో అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఇక్కడి మేనేజరు మంచి మనిషి, కానీ ఆయన అభ్యంతరం వేరు. "10 లక్షలూ టర్మ్ లోన్ ఇచ్చేస్తాను, క్యాష్ క్రెడిట్ ఎందుకు? నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్, ఏటా రెన్యువల్, ఇంత చిన్న అకౌంటుకి ఎవరు చూస్తారు?" అన్నారు. సిబ్బంది తక్కువున్న బ్రాంచిలో ఆ మాటలో న్యాయం ఉంది. కానీ వర్కింగ్ క్యాపిటల్‌ని టర్మ్ లోన్‌గా తీసుకుంటే ఏమవుతుంది? మొదటి నెల నుంచే అసలు తిరిగి కట్టడం మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి చేతిలో ఉండాల్సిన డబ్బు కిస్తీల్లో కరిగిపోతుంది, బిల్లులు మాత్రం అలాగే రెండున్నర నెలలు ఆగుతాయి. మళ్లీ ఫైనాన్షియర్ గుమ్మమే.

మేము వాడిన ఆయుధం బ్యాంకుల సొంత సూత్రమే. నాయక్ కమిటీ సిఫారసుతో వచ్చిన టర్నోవర్ పద్ధతి ప్రకారం చిన్న యూనిట్ అంచనా వార్షిక టర్నోవర్‌లో కనీసం 20 శాతం వర్కింగ్ క్యాపిటల్ పరిమితిగా ఇవ్వాలి. యూనిట్ తన వంతుగా 5 శాతం పెట్టుకోవాలి. అప్పలరాజు ప్రస్తుత టర్నోవర్ 19 లక్షల పైచిలుకు, జీఎస్టీ రిటర్నుల్లో కనిపిస్తుంది. మిల్లింగ్ వచ్చాక 22 లక్షలు వేశాం, అంతకంటే ఎక్కువ వేయలేదు. 20 శాతం అంటే 4.4 లక్షలు. మేము అడిగింది 4. ప్రాజెక్టు రిపోర్టులో బిల్లుల వయసు పట్టిక జత చేశాం, తొంభై రోజులు దాటినవి మేమే తీసేసి చూపించాం. మేనేజరు ఎక్కువసేపు చూసింది ఆ పేజీనే. పాత బాకీలకి బ్యాంకు ఎలాగూ డ్రాయింగ్ పవర్ (క్యాష్ క్రెడిట్‌లోంచి తీసుకునే వీలు) ఇవ్వదు. ఆయన తీసేయాల్సినవి ముందే తీసేసి ఉండటంతో మిగతా అంకెల మీద నమ్మకం కుదిరింది.

అద్దె ఒప్పందం దగ్గర కొంత టెన్షన్ పడ్డాం. షెడ్డు యజమాని రెండేళ్లుగా నోటిమాట మీదే ఇచ్చాడు, కాగితం రాయాలంటే భయపడ్డాడు. చివరికి పదకొండు నెలల ఒప్పందం, కరెంటు లోడ్ పెంచుకోవడానికి నిరభ్యంతర పత్రం ఇచ్చాడు. సిబిల్‌లో పాత మొబైల్ ఫోను లోను ఒకటి బాకీగా కనిపించింది, మిగిలింది 3,400 రూపాయలు. కట్టేసి, నో డ్యూస్ లెటర్ తీసుకుని, సిబిల్‌లో సరిదిద్దించేదాకా ఫైలు ఆగింది. లక్షల అప్పులు వేలల్లో ఉన్న ఇలాంటి బాకీల దగ్గర ఆగిపోవడం తరచూ చూస్తుంటాను. దరఖాస్తు పెట్టే ముందే సొంత సిబిల్ రిపోర్టు తెచ్చుకోండి, ఏడాదికొకటి ఉచితంగానే ఇస్తారు.

ఇంటివాళ్లని ఒప్పించడం బ్యాంకు కంటే కష్టమైంది. "ఎనిమిది లక్షలు వచ్చేవి వదిలేసుకుంటామా?" అని బావమరిది పట్టుబట్టాడు. అతనికి నేను చూపించిన లెక్క చిన్నదే. 6 లక్షలకి పదిన్నర శాతం చొప్పున ఐదేళ్లకి కిస్తీ 12,900. క్యాష్ క్రెడిట్‌లో సగటున 3.2 లక్షలు వాడితే వడ్డీ 2,800. కలిపి 15,700. కరెంటు మరో 4 వేలు పెరుగుతుంది. ఇటు చూస్తే మిల్లింగ్ కోసం బయటికి పోయే 22 వేలు ఆగిపోతాయి, ఫైనాన్షియర్ బాకీ తీరాక 4,500 ఆగుతుంది. పని ఒక్క రూపాయి పెరగకపోయినా నెలకి దాదాపు 7 వేలు మిగులు పెరుగుతుంది. 26 వేల కిస్తీతో మొదలయ్యే ప్లాన్‌లో పని రెట్టింపు అయితే తప్ప ఇల్లు నడవదు. బావమరిది ఇంకేమీ అనలేదు, కానీ ఒప్పుకున్నట్టు కూడా చెప్పలేదు.

2024 ఫిబ్రవరిలో శాంక్షన్ వచ్చింది.

ఉద్యమ్ నంబరు మరో పని చేసింది

ఏ రిజిస్ట్రేషన్‌ని దాచేయమని మధ్యవర్తి చెప్పాడో, ఆ ఉద్యమ్ రిజిస్ట్రేషనే ఆ మార్చిలో డబ్బు తెచ్చిపెట్టింది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకి కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. చట్టం ఉంది కానీ చిన్నవాళ్లు వాడరు. వాడితే మళ్లీ పని ఇవ్వరన్న భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను.

అయితే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 43బీ(హెచ్) చేర్చారు. 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న యూనిట్‌కి గడువు దాటి, సంవత్సరాంతానికి కూడా కట్టని బిల్లుని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు. చెల్లించిన ఏడాదే చూపించుకోవాలి. అంటే బిల్లు ఆపితే పన్ను తానే కట్టుకోవాలి. చిన్నవాడు గొడవ పెట్టుకోనక్కర్లేదు, అవతలివాళ్ల ఆడిటరే గుర్తుచేస్తాడు.

అప్పలరాజు చేత ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు ముద్ర వేయించాం. పాత కస్టమర్లందరికీ సర్టిఫికెట్ కాపీ, బాకీ బిల్లుల జాబితా మర్యాదగా వాట్సాప్‌లో పంపించాడు. బెదిరింపు మాట ఒక్కటి కూడా లేదు. మార్చి చివరి వారంలో మూడు కాంట్రాక్టు సంస్థల అకౌంటెంట్లు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి బిల్లులు సరిచూసుకున్నారు. 31లోగా 1.7 లక్షలు ఖాతాలో పడ్డాయి. ఫైనాన్షియర్ బాకీ తీరింది ఆ డబ్బుతోనే. క్యాష్ క్రెడిట్ నుంచి ముట్టుకోలేదు, అది ముడిసరుకుకి, కూలికి ఉద్దేశించిన డబ్బు.

సంతకాల్లేని ఆ 72 వేలు మాత్రం రాలేదు. చెల్లింపులు ఆలస్యమైతే ప్రభుత్వ పోర్టల్లో ఆన్‌లైన్‌గా ఫిర్యాదు పెట్టుకోవచ్చు, ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. కానీ సరుకు అందినట్టు రుజువు లేకపోతే అక్కడ నిలబడేది ఏమీ ఉండదు. ఇప్పుడు ఇతని కుర్రాడు చలాన్ మీద సంతకం, పేరు, ఫోన్ నంబరు తీసుకోకుండా ముక్క దించడు.

తరువాత

మిల్లింగ్ మెషిన్ ఏప్రిల్‌లో దిగింది. బిల్లింగ్ మెల్లగా రెండు లక్షలకి చేరింది. 2024 రెండో సగంలో స్టీల్‌ప్లాంట్‌లో ఉత్పత్తి బాగా పడిపోయింది, ఆ ప్రభావం ఆటోనగర్ మొత్తం మీద కనిపించింది. కాంట్రాక్టర్లకి పని తగ్గింది, ఉన్న పనికీ డబ్బు ఆలస్యమైంది. ఆ మూడు నెలలు అప్పలరాజు బిల్లింగ్ 1.3 లక్షలకి దిగింది, క్యాష్ క్రెడిట్ అంచుదాకా వాడాడు. కిస్తీ ఒక్కటి కూడా తప్పలేదు, ఎవరినీ పనిలోంచి తీయలేదు. 26 వేల కిస్తీ ఉంటే ఆ మూడు నెలల్లో ఏం జరిగేదో అతనే నాకు లెక్క వేసి చెప్పాడు.

2025 జనవరిలో స్టీల్‌ప్లాంట్‌కి కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ డబ్బు ఆటోనగర్ సందుల దాకా రావడానికి సమయం పడుతుంది. ఇతను ఆలోగా క్రషర్ల పని పెంచుకున్నాడు. అక్కడ రేటు తక్కువే కానీ చాలావరకు డబ్బు అప్పటికప్పుడే చేతికి వస్తుంది.

మొదటి రెన్యువల్ నాటికి స్టాక్ స్టేట్‌మెంట్లు ప్రతి నెలా వెళ్లాయి, పరిమితి అలాగే కొనసాగింది. రేపటి దారులు రెండున్నాయి. ఈ తరుణ్ అప్పు సక్రమంగా తీర్చేస్తే తరుణ్ ప్లస్‌కి అర్హత వస్తుంది. 2022 పీఎంఈజీపీ నిబంధనల్లో మరో అవకాశం ఉంది. ముద్రా అప్పు తీర్చేసి లాభాల్లో ఉన్న యూనిట్ విస్తరణకి రెండో విడత అప్పు పెట్టుకోవచ్చు. తయారీకి కోటి రూపాయల దాకా, సబ్సిడీ 15 శాతం. ఆ నిబంధనలు 2025-26 వరకు ఇచ్చిన ఆమోదం కింద ఉన్నవి కాబట్టి దరఖాస్తు నాటి మార్గదర్శకాలు చూసుకోవాలి. అప్పుడు ఇతను వెళ్లేది సొంత పేరుతో, ఆటోనగర్ చిరునామాతో.

ప్రస్తుతానికి అడుగుతున్నది చిన్నది. క్యాష్ క్రెడిట్ 4 లక్షల నుంచి 5 లక్షలకి పెంచమని. దానికి ఈ ఏడాది జీఎస్టీ రిటర్నులు, ఐటీ రిటర్ను, కొత్త అద్దె ఒప్పందం, బిల్లుల వయసు పట్టిక సిద్ధం చేస్తున్నాం. నాలుగో కుప్పలో ఈసారి 18 వేలే ఉన్నాయి.